ఆరు గంటల హాజరు

ఆ రోజు పొద్దున మాస్టారి డ్రమ్ము నిండి పొర్లిపోయింది. కృష్ణానగర్‌లో మా వీధికి నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. ఆయన ఊళ్ళో లేనప్పుడు ఆయన గుమ్మం ముందున్న నీలం డ్రమ్ములో పైపు వేసి, నిండగానే తీసే పని నాది. ఆ పొద్దున పైపు వేశాక మేడ మీద నా ఫోను మోగింది. వెళ్ళి మాట్లాడి కిందికి వచ్చేసరికి నీళ్ళు ఎదురింటివాళ్ళ ముగ్గు మీదుగా వీధి మలుపు దాకా పోయాయి. ముగ్గుపిండి నీళ్ళలో తెల్లగా కదులుతోంది. దాన్ని చూస్తూ నిలబడిపోయాను. నల్లా కట్టాలని తోచలేదు.

ఫోనులో విన్నది ఇదీ. లద్దాఖ్‌లో పాట షూటింగుకు వెళ్ళిన మా రోప్ మాస్టారు చనిపోయారు. పైనున్న సరస్సు దగ్గర జబ్బుపడితే జీపులో కిందికి తీసుకొస్తున్నారు. దారిలోనే పోయారు.

ఆయన ఎవరో మీకు తెలిసే అవకాశం లేదు. సినిమాలో హీరో గాల్లోకి లేచినప్పుడు మనకు కనబడని తాడు ఒకటి ఉంటుంది. ఆ తాడు కట్టేవాడు, లాగేవాడు, తెగకుండా చూసేవాడు ఆయన. మా ఇంటి కింది వాటాలో పదకొండేళ్ళు అద్దెకున్నారు. షూటింగు లేని ఆదివారాలు ఫిల్మ్ నగర్ వెనక మిగిలిన బండల మీద ఎవరొస్తే వాళ్ళకు కొండ ఎక్కడం నేర్పేవారు. ఏడాదికోసారి ఎండాకాలంలో మాలో ఎనిమిది, పది మందిని హిమాలయాలకు తీసుకెళ్ళేవారు. వయసులో ఉన్నప్పుడు అక్కడే ఒక శిక్షణ కేంద్రంలో నేర్చుకొని వచ్చారు. చదువు మూడో తరగతితో ఆగిపోయింది.

నేను ఆయన దగ్గరికి కొండల మీద ఇష్టంతో పోలేదు. పుస్తకం పట్టుకుంటే రెండు రోజులైనా గది దాటనని అమ్మ బెంగపెట్టుకుంది. కింది వాటాకు పప్పుగిన్నె ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా ఆ బెంగ ఆయనకు చెప్పుకునేది. ఒక ఆదివారం ఆయన మెట్ల కింద నిలబడి పిలిచారు. "ఓ కాన్వెంటమ్మా, నీ బుక్కు గూడ తెచ్చుకో. ఆడ బండ మీద కూసోని చదువుకో. బండ ఏమనది." ఆ మాటకు అమ్మ నవ్వింది. నేను నిజంగానే పుస్తకం పట్టుకొని వెళ్ళాను.

ఆ బండ సగమే మిగిలింది. మిగతా సగం ఎవరి బంగళా పునాదిలోనో ఉంది. విరిగిన అంచు పొడుగునా చిన్న గుంటలు వరసగా ఉంటాయి. రాయి చీల్చడానికి ఉలితో కొట్టిన గుంటలు. వాటిలో వేళ్ళు పెట్టి పట్టు దొరకబుచ్చుకోవడమే మా మొదటి పాఠం. ఆ గుంటలు తన తండ్రి కొట్టినవని మాస్టారు చెప్పేవారు. జూబ్లీహిల్స్ అంతా గుట్టలుగా ఉన్న రోజుల్లో ఆ తండ్రి రాళ్ళు కొట్టాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరింది. దగ్గు వస్తోందని తెలిస్తే పనిలోంచి తీసేస్తారని మేస్త్రీ కనబడగానే నోట్లో గుడ్డ కుక్కుకునేవాడట. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో ఆ తండ్రి ఆఖరి నెల గడిచింది. అప్పటికి పద్నాలుగేళ్ళున్న మాస్టారు మంచం పక్కన కూర్చొని తండ్రి ఊపిరి లెక్కపెట్టారు. ఇది ఆయన నాకు ఒక్కసారే చెప్పారు. "లెక్కవెట్టుడు నేర్సుకున్న బిడ్డా. గప్పటికే లేటయింది."

హిమాలయాల్లో ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. రోజూ సాయంత్రం ఆరింటికి హాజరు. గుడారాల ముందు అందరం గుండ్రంగా కూర్చోవాలి. ఒక్కొక్కరినీ ఐదు ప్రశ్నలు అడుగుతారు. తల నొస్తోందా? కడుపులో తిప్పుతోందా, తిన్నది నిలిచిందా? నిద్ర పట్టిందా? ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఆయాసంగా ఉందా, దగ్గు ఉందా? ఒంటికి ఎన్నిసార్లు పోయారు, ఏ రంగులో వచ్చింది? ఈ ఐదూ రాయడానికి ఆయన నన్ను పెట్టుకున్నారు. నా చేతిరాత బాగుంటుంది. ఎడమవైపు పేర్లు, పైన ఐదు గడులు. ఐదో గడికి ఏం పేరు పెట్టాలో తెలియక సిగ్గుపడి 'నీళ్ళు' అని రాశాను. ఆయన పేజీ మీదికి వంగి చదివించుకున్నారు. "తాగిన నీళ్ళు రాస్తున్నవా, పోసిన నీళ్ళు రాస్తున్నవా?" అన్నారు. అందరూ నవ్వారు. నేను తల ఎత్తలేదు. ఆ రోజంతా ఆయన నన్ను ఇంకేమీ అనలేదు. రాత్రి కంచంలో నాకు ఒక రొట్టె ఎక్కువ వేశారు.

హాజరు అయ్యాక నేల మీద తాడు పరిచేవారు. మడమకు బొటనవేలు ఆనించి ఒక్కొక్కరం దాని మీద నడవాలి. నడక తూలితే మెదడు వాచుతోందని అర్థం. ఆ మనిషి ఏం చెప్పినా ఇక వినక్కర్లేదని, కిందికి దించాల్సిందేనని ఆయన చెప్పేవారు.

ఇందులో సినిమావాళ్ళకు ఒక చిక్కుంది. మాతో వచ్చేవాళ్ళలో సగం మంది ఫైటర్లు, డాన్సర్లు. వాళ్ళకు నొప్పి దాచడం వృత్తిలో భాగం. కాలు బెణికినా షాట్ అయ్యేదాకా చెప్పరు. చెబితే రేపటి పిలుపు ఇంకొకరికి పోతుంది. తెల్లవారుజామున కృష్ణానగర్ కూడలిలో షూటింగు వ్యాన్ల కోసం నిలబడేవాళ్ళను చూస్తే ఈ సంగతి ఎవరూ వివరించకుండానే అర్థమవుతుంది. మాస్టారూ ఆ కూడలిలో నిలబడినవారే. అందుకే మొదటి రోజే చెప్పేవారు. "షాట్‌ల దెబ్బ దాస్తె మల్ల పిలుస్తరు. గుట్ట మీద దాస్తె మల్ల ఎవ్వలు పిలువరు."

మా వీధిలోనే ఉండే డాన్సరన్న ఒకసారి దాచాడు. పదమూడు వేల అడుగుల దగ్గర రెండు సాయంత్రాలు వరసగా 'ఫస్ట్ క్లాస్' అని రాయించాడు. మూడో సాయంత్రం తాడు మీద నడుస్తూ పక్కకు తూలాడు. తూలినట్టు కనబడకుండా దాన్ని ఒక స్టెప్పుగా మార్చి గిర్రున తిరిగి చేతులు చాచాడు. అందరం చప్పట్లు కొట్టాం. మాస్టారు ఒక్కరే కొట్టలేదు. తాడు చుట్టేశారు. టార్చి తీసుకున్నారు. డాన్సరన్న సంచి తన భుజాన వేసుకొని అతన్ని అప్పటికప్పుడే రెండు వేల అడుగులు దింపారు. పొద్దున్నే వెళ్ళొచ్చు కదా అని ఎవరో అంటే, వాచిన మెదడు పొద్దు పొడిచేదాకా ఆగదన్నారు. జబ్బుపడ్డవాణ్ణి ఒంటరిగా పంపేదీ లేదన్నారు. మర్నాడు మేమందరం వెనక్కి వచ్చేశాం. శిఖరం రెండు రోజుల దూరంలో ఉండిపోయింది. సెలవు పెట్టుకొని వచ్చినవాళ్ళు దారంతా గొణిగారు. కింద టీ కొట్టు దగ్గర ఆయన ఒకే మాట అన్నారు. "ఎక్కుడు ఎవలన్న ఎక్కుతరు. దిగు అని చెప్పెటోడు ఉండాలె."

మీలో ఎవరైనా ఎత్తయిన చోట్లకు వెళ్ళేవాళ్ళుంటే ఆయన చెప్పినవి ఇక్కడ రాస్తాను. ఇంతకంటే నేను చేయగలిగింది లేదు. విమానంలో నేరుగా పైకి వెళ్తే మొదటి రెండు రోజులూ ఏమీ చేయకండి. మెట్లు కూడా మెల్లగా ఎక్కండి. పదివేల అడుగులు దాటాక, ఈ రాత్రి పడుకునే చోటు నిన్నటి చోటు కంటే మరీ ఎత్తులో ఉండకూడదు. పగలు పైకి పోయి రండి, పడుకోవడం కింద పడుకోండి. నీళ్ళు తాగండి. మద్యం తాగకండి. నిద్రమాత్ర వేసుకోకండి. తలనొప్పికి మాత్ర వేసుకొని ఎక్కడం మాత్రం అసలు చేయకండి. నొప్పి తగ్గేదాకా ఉన్నచోటే ఉండండి. తగ్గకపోతే దిగండి. బలం ఉన్నవాడికి రాదనుకోకండి, పాతకాపుకు రాదనుకోకండి. ఎత్తు ఎవరినీ గుర్తుపెట్టుకోదని ఆయన అనేవారు. పోయినేడు ఎక్కి వచ్చినవాడైనా ఈ ఏడు మళ్ళీ మొదటి మెట్టు నుంచే మొదలుపెట్టాలి.

ఇవన్నీ ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని నాకు తెలుసు. ఇక జరిగింది చెప్పాలి.

లద్దాఖ్ షూటింగుకు యూనిట్ నలభై మందీ విమానంలో వెళ్ళారు. ఇలాంటి చోట్లకు వెళ్ళేటప్పుడు మాస్టారు తాడు పనితో పాటు హాజరు పని కూడా నెత్తిన వేసుకునేవారు. సాయంత్రం ఆరింటికి నాకు ఫోను చేసి ఒక్కొక్కరి సంగతీ చెప్పేవారు, నేను ఇక్కడ నా గదిలో నోటుబుక్కులో రాసేదాన్ని. చివర్లో చదివి వినిపిస్తే ఎవరు పైకి రావచ్చో, ఎవరు ఆగాలో తేల్చేవారు. తాను రాసుకోలేరు. యూనిట్‌లో ఇంకెవరినైనా రాయమంటే నవ్వుతారని అనుకునేవారు.

మొదటి సాయంత్రం ఫోనులో హుషారుగా ఉన్నారు. వెళ్ళిన మర్నాడే సరస్సు దగ్గర షూటింగు పెట్టారట. అది పద్నాలుగు వేల అడుగుల చోటు. హీరో ఇచ్చిన రోజులు ఐదే. రెండు రోజులు ఎవరూ కదలడానికి వీల్లేదని మాస్టారు మేనేజరుతో పోట్లాడారు. మేనేజరు మెత్తబడలేదు. రెండు రోజులు ఆగి పైకి పోతే తాళ్ళు కట్టడానికే ఒక రోజు పోతుంది, షూటింగు ఎప్పుడు అని అడిగాడు. అప్పుడు మాస్టారు ఒక ఒప్పందం చేసుకున్నారు. అందరికీ రెండు రోజుల విశ్రాంతి ఇవ్వాలి. తాను మాత్రం మర్నాడే అక్కడివాళ్ళను నలుగురిని వెంటబెట్టుకొని సరస్సుకు పోయి, యూనిట్ వచ్చేసరికి స్తంభాలు, తాళ్ళు సిద్ధం చేస్తారు. ఆ నలుగురూ ఆ ఎత్తులో పుట్టి పెరిగినవాళ్ళు. వాళ్ళకేమీ కాదు.

"మరి మీరు రెండు రోజులు ఆగొద్దా మాస్టారూ?" అన్నాను.

"మేనేజర్ కంటె నువ్వే మేలనుకున్న," అని ఆయన నవ్వారు. "నేను పాత గుర్రాన్ని బిడ్డా. రాసుకో, రాసుకో. మేకప్ అన్నకు తల జర నొస్తున్నదట."

నేను రాసుకున్నాను. మా స్కూల్లో సిస్టర్లు నాకు చక్కని చేతిరాత నేర్పారు. పెద్దవాళ్ళను రెండోసారి అడగడం నేర్పలేదు. ఇన్నేళ్ళుగా నాకు పాఠం చెప్పిన మనిషికి ఆయన పాఠమే ఒప్పజెప్పడం పొగరు అనిపించింది. అడిగినందుకే ముఖం వేడెక్కింది.

రెండో సాయంత్రం, యూనిట్‌తో వెళ్ళి కింద లేహ్ ఊళ్ళో హోటల్లో ఉన్న డాన్సరన్న ఫోను చేసి యూనిట్ హాజరు రాయించాడు. ఆ తర్వాత మాస్టారు పైనుంచి జీపు డ్రైవరు ఫోనులో మాట్లాడారు. నేను చదువుతుంటే మధ్యలో దగ్గారు. పొడిదగ్గు. ఆగాను. దుమ్ము ఎక్కువగా ఉందన్నారు. సరస్సు నీలంగా ఉందని, నువ్వు చూస్తే పుస్తకం మూసేస్తావని అన్నారు.

మూడో సాయంత్రం ఆయన గొంతు నెమ్మదించింది. రెండు మాటలకోసారి ఆగి ఊపిరి పీలుస్తున్నారు. అది వినబడింది. మేకప్ అన్న తలనొప్పి తగ్గిందా అని అడిగారు. తగ్గిందని చదివాను. ఇంకో నాలుగు పేర్లు చదివాక మేకప్ అన్న తలనొప్పి తగ్గిందా అని మళ్ళీ అడిగారు. తగ్గిందని మళ్ళీ చెప్పాను. సిగ్నల్ సరిగా లేదనుకున్నాను. నిజానికి అలా అనుకోలేదు, అనుకోవడం సులువుగా ఉంది. పెన్ను పేజీ మీద పెట్టి ఉంచాను. అక్కడ సిరా చుక్క పడింది. అది ఇప్పటికీ ఉంది. అడగాల్సిన ఐదు ప్రశ్నలూ నా ముందు గడులుగా ఉన్నాయి. పక్కనే డ్రైవరు ఉన్నాడు. వెంటనే దించు అని అతనికి చెప్పడానికి నాకు వచ్చిన హిందీ సరిపోతుంది.

"అందరు మంచిగున్నరు గద?" అన్నారు మాస్టారు.

"ఉన్నారు మాస్టారూ."

"సాలు."

మర్నాడు పొద్దున యూనిట్ వ్యాన్లు పైకి వెళ్తుంటే మలుపులో ఆ జీపు ఎదురొచ్చింది. వెనక సీటులో పడుకోబెట్టి తెస్తున్నారు. డాన్సరన్న వ్యాను దిగి ఆ జీపు ఎక్కాడు. సిగ్నల్ తగిలిన చోటు నుంచి నాకు ఫోను చేసింది అతనే. "చెల్లె, మాస్టర్ లేడు," అన్నాడు. అప్పుడే కింద డ్రమ్ము నిండుతూ ఉంది.

ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందని అక్కడి డాక్టర్లు చెప్పారట. ముందు రోజు సాయంత్రమే దించి ఉంటే ఎలా ఉండేదని డాన్సరన్న అడిగాడట. వాళ్ళేం చెప్పారో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

మూడో రోజున పెట్టె కృష్ణానగర్‌కు వచ్చింది. వెంగళరావు నగర్‌లో ఉండే ఆయన తమ్ముడు కొరివి పెట్టాడు. ఫైటర్లు, డాన్సర్లు, లైట్ మెన్‌లు వీధి నిండా వచ్చారు. ఆయన తాళ్ళతో గాల్లో తేలినవాళ్ళు ఎవరూ రాలేదు, కాల్షీట్లు ఉన్నాయి. ఆగిన షూటింగు రెండు రోజులకు మళ్ళీ మొదలై పూర్తయింది. ఆయన కట్టిన తాళ్ళనే వాడారు. ఒక్క ముడి కూడా సడలలేదని డాన్సరన్న చెప్పాడు. ఆ మాట నేల చూస్తూ చెప్పాడు.

దినాలయ్యాక ఒక సాయంత్రం అతను మా మెట్ల మీద కూర్చున్నాడు. అమ్మ టీ ఇస్తే చేతిలో పట్టుకొని తాగలేదు. జీపులో మాస్టారు ఒకసారి కళ్ళు తెరిచారట. గుర్తుపట్టారట. "నన్నే అడిగిండు చెల్లె. తల ఎట్లున్నదిరా అని. మంచిగున్నది మాస్టర్ అన్న. కడుపెట్లున్నది అన్నడు. నిద్రవట్టిందా అన్నడు. ఊపిరి దగ్గర ఆగిపోయిండు." టీ గ్లాసు మెట్టు మీద పెట్టి, "నన్ను దింపినోణ్ణి దింపెటోడు లేకపోయె," అన్నాడు.

అమ్మ లోపలి నుంచి నీ తప్పేం లేదురా నాయనా అంది. ఆ మాట అతనితో అంది. నాతో కూడా చాలాసార్లు అంది. అమ్మకు ఆ మూడో సాయంత్రం సంగతి తెలియదు. ఎవరికీ తెలియదు. ఇప్పుడు మీకు తెలిసింది.

ఆదివారాలు బండ దగ్గరికి ఎవరూ రావడం లేదు. నేను రెండుసార్లు వెళ్ళాను. పక్కన కొత్త అపార్ట్‌మెంటుకు పునాది తవ్వుతున్నారు, యంత్రం చప్పుడుకు బండ సన్నగా అదురుతోంది. ఉలిగుంటల్లో వేళ్ళు పెట్టి నిలబడ్డాను. ఎక్కలేదు. లోపల దుమ్ము చేరి ఉంది. తండ్రి దగ్గు దాచుకున్నాడు, కొడుకు దగ్గు దాచుకున్నాడు. దాచొద్దని ఊరందరికీ చెప్పి మరీ దాచుకున్నాడు. ఇందులో నేను నేర్చుకోవాల్సింది ఏదైనా ఉంటే అది నాకు దొరకలేదు. చదివిన పుస్తకాల్లోనూ లేదు.

నోటుబుక్కులు నా దగ్గరే ఉన్నాయి. మొత్తం ఏడు. పోయిన వారం మొదటి పేజీ నుంచి తిరగేశాను. తొమ్మిదేళ్ళ సాయంత్రాలు, కొన్ని వందల పేర్లు. ప్రతి పేజీకీ స్కేలు పెట్టి గీతలు గీసింది నేనే. మాస్టారి పేరుకు ఏ పేజీలోనూ వరస గీయలేదు.